అయిదు బొంతలు ఒకేసారి ఎందుకు?

(చెన్నై పెరంబూరులో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? వినిపిస్తోంది కదా, సంతోషం.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఒక షరతు పెట్టారు. బొంతల గురించి ఏం చెప్పినా సరే, ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి తీరాలన్నారు. ఒకేసారి అయిదు బొంతలు ఎందుకు మొదలుపెట్టారు? ఒకటి ముగించి రెండోది పట్టుకోవచ్చు కదా? ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మా ఇంటికి వచ్చినవాళ్ళు మంచం మీద ఒకటి, మిషను మీద ఒకటి, తలుపు వెనక తగిలించిన సంచిలో ఒకటి చూస్తారు, అడుగుతారు. మా అమ్మ అడుగుతుంది. మా అమ్మాయి ఫోనులో అడుగుతుంది. అందుకే ఈ రోజు తీరిగ్గా జవాబు చెబుదామని వచ్చాను. నాలుగింటినీ, పూర్తయి వెళ్ళిపోయినదాని ఫోటోనూ తెచ్చాను కూడా. అదిగో, ఆ బల్ల మీద ఉన్నాయి. మాట్లాడుతూ ఒక్కొక్కటి చూపిస్తాను.

అంతకు ముందు ఒక మాట చెప్పుకోవాలి. బొంత అనే మాటకు మన భాషలో దక్కవలసిన మర్యాద దక్కలేదు. పత్రికల్లో చూడండి, నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే ‘అతుకుల బొంత’ అని రాస్తారు. రేపో మాపో చిరిగిపోతుందని దాని అర్థం. నేను ఒప్పుకోను. అతుకు దగ్గర గుడ్డ ఎన్ని పొరలుంటుంది? రెండు ముక్కల అంచులూ లోపలికి మడిచి ఉంటాయి కాబట్టి అక్కడే ఎక్కువ పొరలుంటాయి. నా చేతికి బాగుచేయమని వచ్చిన పాత బొంతలన్నిటిలో ముక్కల మధ్యలో గుడ్డ అరిగి జాలీలా అయిపోయింది, అతుకులు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. అతుకు బలహీనం కాదు. అతుకు వేసేవాళ్ళకు ఓపిక లేకపోతే బలహీనం, అంతే.

సరే, ప్రశ్నకు వస్తాను. మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. మా నాన్నకు అయిదు మడులు ఉండేవి. అయిదూ ఒకే రోజు నాటేవారా? లేదు. ఒక మడిలో నారు పోసి ఉండేది, ఒకటి దమ్ము చేసి ఉండేది, ఒకదానిలో నాట్లు, ఒకదానిలో కలుపు. ఎందుకంటే మనుషులు ఆ నలుగురే, ఎడ్లు ఆ ఒక్క జతే. పని మడి నుంచి మడికి తిరుగుతూ ఉండాలి. అయిదు మడులు ఎందుకు, ఒకటి కోసి రెండోది నాటవచ్చు కదా అని ఆయనను ఎవరూ అడగలేదు. అడిగితే నవ్వేవారు. నన్ను మాత్రం అడుగుతున్నారు.

బొంత పని కూడా అలాంటిదే. బయటివాళ్ళకు కుట్టడం ఒక్కటే కనిపిస్తుంది. కానీ గుడ్డ ఏరుకోవడం ఒక పని, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడం ఒక పని, కత్తిరించడం ఒక పని, ముక్కలు కలపడం ఒక పని. తరువాత పైగుడ్డ, మధ్యలో దూది పొర, కింద అడుగు గుడ్డ, మూడూ ముడతల్లేకుండా పరిచి టాకాలు వేయడం ఒక పని. ఆ మూడు పొరలనూ కలిపి దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోవడం అన్నిటికన్నా పెద్ద పని. చివర చుట్టూ అంచు పట్టీ. వీటిలో ఏ రెండింటికీ ఒకే వెలుతురు, ఒకే చోటు, ఒకే ఓపిక పనికిరావు. కత్తిరించడానికి పొద్దుటి వెలుతురు కావాలి, నిలబడాలి, గంట దాటితే నా నడుము ఒప్పుకోదు. మిషను మీద పని పగలే చేయాలి, ఎందుకంటే పక్కింట్లో పిల్లవాడు పరీక్షలకు చదువుకుంటున్నాడు. చేతి కుట్టుకు ఒక దీపం, ఒక ఒడి ఉంటే చాలు, రాత్రి తొమ్మిదింటికి కూడా కూర్చోవచ్చు.

కాలం కూడా చూసుకోవాలి. మన చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. గుడ్డ ఆరదు, ముక్కిన వాసన వస్తుంది. అందుకే ఏడాదికి సరిపడా గుడ్డలన్నీ మే నెలలో ఉతికేస్తాను. పాత చీర మెత్తబడి ఉంటుంది, కత్తెర కింద జారిపోతుంది, కొలత నిలవదు. దానికి చిక్కటి గంజి పెట్టి మేడ మీద ఆరేస్తే కాగితంలా నిలబడుతుంది, అప్పుడు గీత గీసినట్టు కత్తిరించవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. గంజి పెట్టిన గుడ్డను అలాగే నెలల తరబడి బీరువాలో పెట్టకండి. పురుగు పడుతుంది. కత్తిరించి కుట్టేదాకా గంజి ఉండాలి, దాచేముందు పోవాలి.

ఇప్పుడు చెప్పండి. వానాకాలం మూడు నెలలూ నా చేతిలో కత్తిరించవలసిన బొంత ఒక్కటే ఉంటే ఏం చేయాలి? చేతులు కట్టుకుని కూర్చోవాలి. అందుకని నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఎన్ని బొంతలైనా ఉండనీ, ఏ రెండూ ఒకే దశలో ఉండకూడదు. మళ్ళీ చెబుతాను, ఇదే ముఖ్యం. ఏ రెండూ ఒకే దశలో ఉండకూడదు. రెండు మడులు ఒకే రోజు కోతకు వస్తే ఒకటి రాలిపోతుంది. మూడేళ్ళ క్రితం నాకు అలాగే జరిగింది. రెండు పైగుడ్డలు ఒకేసారి సిద్ధమయ్యాయి, రెండూ నేల మీద పరచాలి. ఆ తొందరలో ఒకదాని అడుగు గుడ్డ సరిగ్గా లాగి బిగించలేదు. కుట్టు పూర్తయ్యాక తిప్పి చూస్తే వెనకవైపు మూడుచోట్ల మడత పడి ఉంది. నాలుగు వారాల కుట్టు విప్పాను. ఆ రోజు నుంచి ఈ నియమం తప్పలేదు.

ఇక ఒక్కొక్కటీ. మొదటిది ఇక్కడ లేదు, దాని ఫోటో మాత్రమే తెచ్చాను, ఎందుకంటే అది పూర్తయి వెళ్ళిపోయింది. మా కింది అంతస్తులో ఉన్న తమిళ కుటుంబం అమ్మాయికి పాప పుట్టింది. ఆ పాప కోసం ముప్పై ఆరు అంగుళాల చదరం. సీమంతం నాడే మాట ఇచ్చాను. పాప మూడు వారాలు ముందే వచ్చేసింది. మిగతా నాలుగింటినీ పక్కన పెట్టి ఎనిమిది రోజుల్లో ముగించాను. పుట్టినరోజు ఉన్న బొంతకు ఎదురుచూసే ఓపిక ఉండదు, దానికి దారి ఇవ్వాల్సిందే.

దానికి పైన టూ బై టూ రూబియా వాడాను. ఆడవాళ్ళందరికీ తెలుసు, జాకెట్టు గుడ్డ. పడుగులోనూ పేకలోనూ రెండేసి పోగులు మెలిపెట్టిన నూలు, అందుకే ఆ పేరు. మన వీధి చివర మ్యాచింగ్ సెంటర్‌లో ఒక్క ఆకుపచ్చలోనే ఎన్ని రకాలు దొరుకుతాయో మీకు తెలుసు కదా? పచ్చిమామిడి రంగు, ఆకు రంగు, చిలకపచ్చ, నాచు రంగు. విదేశాల్లో బొంతలు కుట్టేవాళ్ళు ఇన్ని సాదా రంగుల కోసం ప్రత్యేకమైన దుకాణాలు వెతుక్కుంటారు. మనకు అవి చీర పక్కన పెట్టి చూపించి మరీ ఇస్తారు. అడుగున మాత్రం కొత్త గుడ్డ వేయలేదు. మా నాన్న పాత పంచె వేశాను. మన పెద్దవాళ్ళు పొత్తిళ్ళకు పాత గుడ్డే ఎందుకు వాడేవారు? కొత్త గుడ్డకు లేని మెత్తదనం అందులో ఉంటుంది కాబట్టి. ఒకటి మాత్రం పాప తల్లికి గట్టిగా చెప్పాను. ఇది నేల మీద పరిచి పాపను ఆడించడానికి, పసిబిడ్డ నిద్రపోతున్నప్పుడు మీద కప్పడానికి కాదు. ఏడాది నిండేదాకా నిద్రలో మీద వదులుగా ఏదీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు. వాళ్ళు వారం వారం ఉతుకుతున్నారట. ఉతికేకొద్దీ లోపలి దూది కొంచెం ముడుచుకుని బొంత మీద సన్నటి ముడతలు పడతాయి, అదే దాని అందం.

రెండోది ఈ డబ్బా. అవును, బొంత డబ్బాలోనే ఉంది. పాత బిస్కెట్ల డబ్బా. ఇది నా ప్రయాణాల బొంత. ఆరు మూలల ముక్కలు, ఒక్కో వైపు ఒక అంగుళం. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం ఏడు ముక్కలు కలిస్తే ఒక పువ్వు. నాకు కావలసినవి తొంభై పువ్వులు. నిన్నటికి యాభై నాలుగు అయ్యాయి. అంటే మూడు వందల డెబ్భై ఎనిమిది ముక్కలు.

ఇందులో ప్రతి ముక్కకూ లోపల ఒక కాగితం ఉంటుంది. గట్టి కాగితాన్ని ఆరు మూలలుగా కత్తిరించి, గుడ్డను దాని మీద మడిచి టాకా వేసి, అప్పుడు ముక్కనూ ముక్కనూ అంచు వెంబడి సన్నగా కలుపుతాం. చుట్టూ ముక్కలు చేరాక కాగితం తీసేస్తాం. ఇంగ్లండులో 1718 అని తేదీ కుట్టి ఉన్న పట్టు ముక్కల దుప్పటి ఒకటి ఉంది, అదీ ఇలా కాగితాల మీద కుట్టినదే. ఆ కాగితాలు ఇప్పటికీ లోపలే ఉన్నాయి. మూడు వందల ఏళ్ళు! పాత బొంతల్లో మిగిలిపోయిన కాగితాలు చూసి, ఉత్తరం ముక్కో, లెక్కల పుస్తకం ముక్కో, దాన్నిబట్టి బొంత వయసు అంచనా వేస్తారు.

నేను ఏ కాగితం వాడతానో తెలుసా? శుభలేఖలు. ఇదిగో, దగ్గరగా చూడండి. దీని వెనక ‘చిరంజీవి’ అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. దీని వెనక ‘సుముహూర్త’ దాకా ఉంది, మిగతాది కత్తెరకు పోయింది. ఆ అట్ట సరిగ్గా సరిపోయే మందం. పారేయడానికి మనసు రాక దాచుకున్నవే కదా అందరం. కానీ మూలలకు పసుపు రాసి ఉంటుంది, అది చూసుకోవాలి. మొదట్లో నేను చూసుకోలేదు, ఒక తెల్ల ముక్కకు పసుపు అంటుకుంది. ఇప్పుడు ముందు నాలుగు మూలలూ కత్తిరించి తులసికోట దగ్గర పెట్టి, మిగతాదే వాడతాను.

ఈ డబ్బా నాతో రైలెక్కుతుంది. ప్రతి గురువారం తాంబరంలో మా వదిన దగ్గరకు వెళతాను. ఇక్కడ లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషన్‌లో తాంబరం రైలు. కూర్చోవడానికి చోటు దొరికితే వెళ్ళేటప్పుడు ఒక పువ్వు, వచ్చేటప్పుడు ఒక పువ్వు. తాంబరం ఎంత దూరం అని మా మనవరాలు అడిగితే ఒక పువ్వు దూరం అని చెప్పాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఊరుకోరు. ఒకావిడ, పూలమ్మే ఆవిడ, గిండీలో దిగిపోతూ తన సంచిలోంచి ఒక జాకెట్టు ముక్క తీసి ఇచ్చింది, ‘ఇదీ పెట్టమ్మా’ అని తమిళంలో. వంకాయ రంగు. అది ముప్పై ఒకటో పువ్వులో మధ్యముక్క. మరి ఈ బొంత త్వరగా పూర్తి చేయమంటే ఎలా చెప్పండి? ఇది ఇంట్లో కుట్టే బొంత కాదు. ఇంట్లో కూర్చుని నెలలో ముగించగలను. అప్పుడు ఆవిడ ముక్క ఇందులోకి ఎలా వచ్చేది?

మూడోది మద్రాసు గళ్ళు. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే దీని మీద నాకు ప్రేమ ఎక్కువ, దీనితో పడిన కష్టమూ ఎక్కువ.

మనం కూర్చున్న ఈ ఊరు గుడ్డ కోసం పుట్టింది. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఈస్ట్ ఇండియా కంపెనీ ఇక్కడ స్థలం ఎందుకు తీసుకుంది? అప్పుడు ఇక్కడ ఓడరేవు లేదు, అలలు విరిగిపడే ఇసుక తీరం. అయినా వచ్చారు, చుట్టుపక్కల నేత గుడ్డ చవకగా దొరుకుతుందని. చాకలివాళ్ళు కంపెనీ గుడ్డ ఉతికి తెల్లబరిచిన చోటే వాషర్‌మన్‌పేట, ఇక్కడికి రెండడుగులు. 1734లో నేతగాళ్ళ కోసం ఒక పేట కట్టారు, చింతాద్రిపేట. ‘చిన్న తరి పేట’, చిన్న మగ్గాల పేట అని ఆ పేరుకు అర్థం చెబుతారు. మన తీరంలో అద్దిన చీటీ గుడ్డ ఓడలెక్కి వెళితే ఇంగ్లండులో మోజు ఎంత పెరిగిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు తిరగబడి చట్టాలు తెప్పించారు. 1721 చట్టంతో అద్దకం నూలు గుడ్డ చాలావరకు కట్టుకోకూడదు, ఇంట్లో వాడకూడదు. ఫ్రాన్స్‌లో 1686 నుంచి 1759 దాకా నిషేధం. అలాంటి గుడ్డ అరిగితే పారేస్తారా? అందులోని పువ్వులను, కొమ్మలను, పిట్టలను చుట్టూ కత్తిరించి తెల్ల గుడ్డ మీద పెట్టి కుట్టి బొంతలు చేసుకున్నారు. మనం ‘చీటీ గుడ్డ’ అంటాం, వాళ్ళు ‘చింట్జ్’ అంటారు, రెండూ ఒకే మాట. ఇంగ్లీషువాళ్ళ బొంతల చరిత్ర చదువుతుంటే నాకు మచిలీపట్నం, పెడన గుర్తుకొస్తాయి. బొంత విదేశీ విద్య అని ఎవరైనా అంటే నేను ఇదే చెబుతాను.

ఇక గళ్ళ గుడ్డ. ఇది చూడండి. దీని పేరు లాగ్ క్యాబిన్. మధ్యలో రెండు అంగుళాల ఎర్ర చదరం, అది ఇంట్లో పొయ్యి అని చెబుతారు. దాని చుట్టూ అంగుళం పట్టీలు, నాలుగు చుట్లు, దుంగలు పేర్చి ఇల్లు కట్టినట్టు. మూల నుంచి మూలకు గీత గీస్తే ఇటు సగం లేత రంగులు, అటు సగం ముదురు రంగులు. పది అంగుళాల గడి అవుతుంది, ఒక్కో గడికి పదిహేడు ముక్కలు. ముప్పై గడులు. నేను రైల్వే లెక్కల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను, లెక్క చెప్పకుండా ఉండలేను, కాబట్టి వినండి. కుట్టు ఎప్పుడూ అంచు నుంచి పావు అంగుళం ఎడంలో పడాలి. అర మిల్లీమీటరు ఎక్కువ పడిందనుకోండి. ఎంత? కంటికి కనిపించదు. కానీ రెండు ముక్కల నుంచీ అర అర పోయి ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. గడిలో అడ్డంగా ఎనిమిది కుట్లు. ఎనిమిది మిల్లీమీటర్లు. వరుసకు అయిదు గడులు. నాలుగు సెంటీమీటర్లు! కొన్ని గడులు అలా, కొన్ని సరిగ్గా వస్తే రెండు వరుసల అంచులు కలవవు. అందుకే మొదటి గడి కుట్టగానే కొలవండి. పదో గడి తరువాత కాదు, మొదటి గడి కాగానే.

కష్టం ఏమిటంటే, రంగు. మీలో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది, ఒకప్పుడు మద్రాసు గళ్ళు ఉతికినప్పుడల్లా రంగు దిగేవి. అమెరికాలో 1960ల నాటికి ఆ రంగు దిగడాన్నే గొప్పగా చెప్పి అమ్మారు, ఉతికేకొద్దీ గళ్ళు ఒకదానిలోకి ఒకటి ఒరిగి కొత్త చొక్కా అవుతుందని. చొక్కాకు అది అందం కావచ్చు. బొంతకు కాదు. నేను మధ్యలో పెట్టిన ఎర్రగుడ్డ ఒక్కటీ ఉతకకుండా వాడాను. మిగతావన్నీ ఉతికాను, అది మాత్రం తొందరలో వదిలేశాను. పన్నెండు గడులు కుట్టాక తడిబట్టతో ఇస్త్రీ చేస్తే, ఎరుపు పక్కనున్న మీగడ రంగు పట్టీలోకి పాకింది. ఒక గడిలో కాదు, ఆరింటిలో.

అప్పుడేం చేశాను? మొదటి పని, ఆరనివ్వలేదు. మరక ఆరితే కూర్చుండిపోతుంది. పెద్ద టబ్బులో చేతికి ఓర్చుకోలేనంత వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ద్రావకం కొంచెం, ఆరు గడులూ మునిగేలా వేసి రాత్రంతా వదిలేశాను. నీళ్ళు ఎక్కువగా ఉండాలి, అప్పుడే విడిపోయిన రంగు నీళ్ళలో ఉండిపోతుంది, మళ్ళీ గుడ్డ మీద వాలదు. పొద్దున నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. మార్చాను. మళ్ళీ. మూడోసారికి నీళ్ళు తేటగా వచ్చాయి. ఆరింటిలో అయిదు బాగుపడ్డాయి. ఆరోదానిలో ఇప్పటికీ సన్నటి గులాబీ నీడ ఉంది, దాన్ని తీయలేదు, ఇదిగో చూపుడు వేలు పెట్టిన చోట. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. ఇప్పటి రంగులకు దాన్ని నమ్ముకోకండి. ముందే ఉతకండి. తెల్లటి తడిగుడ్డ పైన వేసి ఇస్త్రీపెట్టె నొక్కి చూడండి, రంగు అంటితే ఇంకా ఉతకాలి.

ఇప్పుడు ముప్పై గడులూ అయ్యాయి. మరి ఎందుకు ఆగింది? పేర్చడం తేలలేదు. లేత సగం, ముదురు సగం ఎటు తిప్పితే అటు ఒక కొత్త రూపం వస్తుంది. దుక్కి చాళ్ళలా ఏటవాలుగా పేర్చవచ్చు, మధ్య నుంచి విచ్చుకునే వజ్రంలా పేర్చవచ్చు. హాల్లో నేల మీద పరిచి, స్టూలెక్కి చూస్తాను. ఫోనులో రంగు తీసేసి నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తాను, అప్పుడు ఏది లేత, ఏది ముదురు అన్నది కన్ను మోసపోకుండా తెలుస్తుంది. పదిహేను రోజులుగా చూస్తున్నాను. ఇది పని మానడమా? కాదు. ఇదీ పనే. ఈ బొంత ఒక్కటే ఉండి ఉంటే విసుగెత్తి ఏదో ఒకలా కుట్టేసి ఉండేదాన్ని. మిగతావి ఉండబట్టి దీనికి కావలసినంత కాలం ఇవ్వగలుగుతున్నాను. చాళ్ళవైపే మొగ్గుతోంది మనసు, నాన్న పొలం గుర్తుకొచ్చి.

నాలుగోది అమ్మ చీరలు. ఇందులో దూది లేదు, మిషను లేదు. మా అమ్మమ్మ కుట్టిన పద్ధతి. మెత్తబడిన నూలు చీరలు పొరలుగా పరిచి, చుట్టూ అంచు నుంచి మొదలుపెట్టి వేలెడు ఎడంతో సాదా కుట్టు వేసుకుంటూ మధ్యకు చేరడం. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి అయిన సిద్దీ స్త్రీలు కూడా అంచు నుంచే మొదలుపెట్టి లోపలికి వస్తారు. వాళ్ళు నాలుగు మూలలా చిన్న మడత ముక్కలు పెడతారు, వాటిని పువ్వులంటారు. అవి లేకపోతే బొంత నగ్నంగా ఉన్నట్టేనట. నేనూ పెట్టాను, చూడండి మూలల్లో.

మా అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. చూపు బాగా తగ్గింది. నేను కుడుతుంటే పక్కన కూర్చుని బొంత అవతలి కొస ఒడిలో వేసుకుంటుంది. వేళ్ళతో తడిమి చెబుతుంది. ‘ఇది వెంకటగిరి, నువ్వు పుట్టాక మీ మేనమామ పెట్టినది.’ ‘ఇది మంగళగిరి, అంచు చూడు ఎంత గట్టిగా ఉందో.’ ఒకచోట ఆగిపోయింది. వేలు అటూ ఇటూ తిప్పి, ‘ఇక్కడ నిప్పురవ్వ పడింది, మీ అన్న మొదటి దీపావళి’ అంది. నేను చూస్తే మినపగింజంత చిల్లు, చుట్టూ నల్లటి గీత. నేను దాన్ని లోపలి పొరలోకి మడిచేద్దామనుకున్నాను అంతకు ముందు. ఇప్పుడు పైకి ఉంచి చుట్టూ కుట్టాను. రోజుకు రెండు వరుసలు కుడతాను, మధ్యాహ్నం ఆమె కాఫీ తాగాక. అంతకంటే ఎక్కువ కుట్టను. కుట్టగలను, కానీ కుట్టను.

అయిదోది మా అన్న చొక్కాలు. అన్న పోయి రెండేళ్ళయింది. పదకొండు చొక్కాలు వదిన ఒక సంచిలో పెట్టి ఇచ్చింది. చొక్కాలో మంచి గుడ్డ ఎక్కడుంటుందంటే వీపు భాగంలో. కాలరు, మణికట్టు పట్టీలు అరిగిపోయినా వీపు కొత్తదానిలా ఉంటుంది. పది చొక్కాలు విప్పి, ఇస్త్రీ చేసి, అయిదంగుళాల చదరాలు కోశాను. పదకొండో చొక్కా జేబు కింద సిరా మరక ఉంది. అన్న జేబులో ఎప్పుడూ కలం ఉండేది. వదిన సంచి ఇచ్చినప్పుడు, ‘ఆ ఒక్కటీ ఇప్పుడే కోయకు, చెబుతాను’ అంది. నేను ఎప్పుడని అడగలేదు. ప్రతి గురువారం వెళుతున్నాను, ఆ మాట ఎత్తలేదు. పది చొక్కాలతో బొంత అవుతుంది కదా అనవచ్చు మీరు. అవుతుంది. కానీ ఆ జేబు ఎక్కడ ఉండాలో తెలియకుండా మిగతా చదరాలు ఎలా పేర్చను?

ఇన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఎక్కడ ఆపామో మరచిపోమా అని ఇందాక ముందు వరుసలో పెద్దాయన అడిగారు. మరచిపోతాం. అందుకే రెండు పనులు చేస్తాను. ఒక నోటుపుస్తకం, బొంతకు ఒక పేజీ. ఏ సూది, ఏ దారం, కుట్టు ఎడం ఎంత, అన్నీ రాస్తాను. ఇస్త్రీ చేయవలసిన వైపు కూడా. ఆరు నెలల తరువాత అదే రంగు దారం కొనాలంటే నంబరు ఉండాలి కదా. రెండోది, పని ఆపేటప్పుడు తరువాతి పని ఏమిటో చిన్న చీటీ రాసి గుండుసూదితో బొంతకే గుచ్చుతాను. ‘ఎడమ వైపు అయిదో వరుస నుంచి’ అని, అంతే. విప్పగానే చేతికి పని దొరుకుతుంది. ఏం చేయాలో ఆలోచించుకోవడంలోనే సగం బొంతలు అటకెక్కుతాయి.

మొన్న గురువారం తాంబరం వెళ్ళాను. భోజనాలయ్యాక వదిన తనంతట తానే ఆ చొక్కా తెమ్మంది. ఒడిలో పెట్టుకుని జేబు చుట్టూ కుట్లు తానే విప్పింది, చిన్న కత్తెరతో, ఒక్కొక్కటీ. నా చేతికి ఇస్తూ ‘మధ్యలో వద్దు. కాళ్ళ దగ్గర కూడా వద్దు. గుండె మీద పడేలా పెట్టు’ అంది. మంచం మీద పడుకుని కొలిపించుకుంది కూడా. అందుకే అప్పటి నుంచి మిగతా మూడింటినీ ముట్టుకోలేదు.

ఇక బల్ల దగ్గరకు రండి. చేత్తో పట్టుకుని చూడండి, వెనకవైపు తిప్పి చూడండి, బొంతను వెనకవైపు నుంచే చదవాలి. కాఫీ తాగుతున్నవాళ్ళు తాగేసి చేతులు కడుక్కుని రండి. అమ్మ చీరల బొంతలో సూది ఒకటి గుచ్చి ఉంది, అది తీయకండి, నా వరుస అక్కడే ఆగింది. చొక్కాల వాటికి ఇంకా గుండుసూదులు ఉన్నాయి, పిల్లలను కొంచెం చూసుకోండి.